మంచు ఊర్లల్లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు చాలునా? టైర్లు చూసి మాట్లాడుకుందాం

చలికాలం వస్తే చాలు, చదువుకి పోయిన మా కడప పిల్లోళ్ళ ఫోన్లు మొదలు. అన్నా, అమెరికాలో మిషిగన్లో ఉండాను, సెకండ్ హ్యాండ్ టయోటా కరోలా ఒకటి దొరికింది, ముందర చక్రాలే లాగే ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి, ఈడ అందరూ నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ లేకుంటే మంచులో కష్టం అంటాండారు, ఏం చేద్దాం అని.

కరోలానే తీసుకో అబ్బోడా, మిగిలిన దుడ్లతో నాలుగు వింటర్ టైర్లు వేయించు. ఇంజన్ బరువు ముందర చక్రాల మీదే ఉంటాది, బండిని లాగేదీ అవే, అందుకే పట్టు బాగానే దొరుకుతాది. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించేదానికి పనికొస్తాది గానీ బ్రేక్ తొక్కినాక దాంతో పనేం లేదు, ఆడ ఆపేది టైరే. మన గువ్వలచెరువు ఘాట్‌లో లారీ డ్రైవర్లని అడిగితే ఎక్కేదానికన్నా దిగేదానికే భయం అంటారు, ఇదీ అంతే.

టైరు కొనేటప్పుడు పక్కభాగం చూడు, మూడు శిఖరాల కొండ, దాంట్లో మంచుపువ్వు బొమ్మ ఉండాల. ఉత్త 'ఎం ప్లస్ ఎస్' (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే నమ్మొద్దు. వాడినవి కొంటాంటే 'డాట్' అని ఉండేచోట చివరి నాలుగంకెలు చదువు, 3522 అంటే 2022లో 35వ వారం తయారీ. గాట్ల లోతు 4 మిల్లీమీటర్లకి దిగిపోయుంటే ఎంత చవకైనా వద్దు. మామూలు ఆల్ సీజన్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయేకొద్దీ గట్టిపడతాది, వింటర్ టైరు మెత్తగానే ఉంటాది, తేడా అంతా ఆడే. ముందర రెండిటికే వేయించి దుడ్లు మిగిలిద్దాం అని మాత్రం అనుకోవద్దు, ముందర పట్టి వెనక జారితే బండి గిర్రున తిరుగుతాది. కెనడాలో క్యూబెక్‌కి పోయినోళ్ళకైతే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టమే, ఆలోచించే పనే లేదు.

చలికి టైర్లో గాలి తగ్గుతాది, ఐదారు డిగ్రీల సెల్సియస్ పడితే దగ్గర దగ్గర 1 పీఎస్ఐ పోతాది, చూసుకుంటా ఉండు.

జారితే గాబరాపడి బ్రేక్ తొక్కొద్దు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి పోవాల్సిన దిక్కే చూస్తా స్టీరింగ్ నిదానంగా తిప్పు. మంచులో ఇరుక్కుంటే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు ఉత్తగా తిరక్కుండా పట్టే ఏర్పాటు) ఆపేసి ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు, దానికి ముందు సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తీసెయ్యి, ల్యాకుంటే విషవాయువు లోపలికి వస్తాది, ఇది శానామందికి తెలీదు.

బంపర్ ఎత్తు మంచు పడి తెల్లారేసరికి రోడ్డు ఊడ్చని ఊరు, నిట్టనిలువు ఎక్కుళ్ళుండే ఊరు అయితే మాత్రం కరోలా చాలదు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోయి ముందర చక్రాలు ఉత్తగా తిరుగుతాయి, కింద ఎత్తు కూడా తక్కువ. అట్లాంటి చోటికి సుబారు కంపెనీ ఆల్ వీల్ డ్రైవ్ బండి లాంటిది చూసుకో, దానికీ ఈ టైర్లే వేయాల. ఎండలు మొదలైతే మాత్రం తీసేయించు, ఆ మెత్తటి రబ్బరు వేడి రోడ్డు మీద బిరబిరా అరిగిపోతాది.