కేకు మీది కళింగపట్నం తీరం: తడిసిన ఇసుకను నేను సరిచేసిన తీరు

మా మేనకోడలి పుట్టినరోజు కేకు మీద, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరాన్ని తీర్చిదిద్దే పని నాకు అప్పగించారు. ఇసుక కోసం మారీ బిస్కెట్లను దంచి, జల్లించి క్రీము మీద చల్లితే, కాసేపటికే ఆ పొడి నలుగుపిండిలా ముద్దకట్టింది. క్రీములోని నీటికి తోడు, ఫ్రిజ్ నుంచి తీసిన చల్లని కేకు మీద శ్రీకాకుళం ఉక్కపోతలోని తేమ చేరడమే ఇందుకు కారణం.

ఆ పొరను చాకుతో గీకేసి, కరిగించిన తెల్ల చాక్లెట్‌ను పలుచగా పరిచి, అది ఇంకా కాస్త జిగురుగా ఉండగానే, సన్నని సెగ మీద వేయించి పూర్తిగా చల్లార్చిన బిస్కెట్ పొడిని చల్లాను. చాక్లెట్‌లోని కొవ్వు అడుగు తడిని పైకి రానివ్వకపోవడంతో ఇసుక వేలికి పొడిపొడిగానే తగిలింది.

సముద్రానికి జెలటిన్ బదులు చైనా గ్రాస్ వాడాను. నాచు నుంచి తీసే ఈ పదార్థం ఒకసారి గడ్డకట్టాక సుమారు 85 డిగ్రీల వేడి తగిలితే గానీ కరగదు. నీలిరంగు మాత్రం ఒక్క చుక్క చాలు. మించితే పిల్లల నాలుకలు నీలమవుతాయి, వాళ్లకు కావలసిందీ అదేననుకోండి. వేడిగా పోస్తే క్రీము కరుగుతుంది కనుక జెల్లీని పళ్లెంలో గడ్డకట్టించి, కోసి అమర్చి, ఇసుకతో కలిసే అంచు కనబడకుండా క్రీముతో నురగ దిద్దాను.