జావాస్క్రిప్ట్ పాఠాలు – 4: ఆపరేటర్లు, ముఖ్యంగా ప్లస్ గుర్తు

గత పాఠం చివర, రెండు పెట్టెల్లో రెండు సంఖ్యలు తీసుకుని వాటి మొత్తాన్ని పేజీలో చూపించమని అభ్యాసం ఇచ్చాను. 10, 20 ఇస్తే 30 రావలసిన చోట 1020 వచ్చిందని, ప్రోగ్రామును ఎన్నిసార్లు సరిచూసుకున్నా తప్పెక్కడుందో అంతుపట్టలేదని చాలామంది రాశారు. కూడికకు బదులు తీసివేత పెట్టి చూస్తే సరిగ్గా -10 వచ్చిందనీ, మరి కూడికే ఎందుకు దెబ్బతిన్నదనీ ఇంకొందరు అడిగారు. ఈ రెండో ప్రశ్నకు జవాబు బోధపడితే ఆపరేటర్లలో (+, - వంటి, విలువల మీద పనిచేసే గుర్తులలో) కష్టమైన భాగం గడిచిపోయినట్టే కనుక, లూపులను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

తీసివేత, గుణకారం, భాగహారం గురించి వివరించవలసిందేమీ లేదు. శేషాన్నిచ్చే % విషయంలో ఒక్క మాట: 17 % 5 విలువ 2, కానీ -7 % 3 విలువ -1, ఎందుకంటే ఫలితానికి ఎడమవైపు సంఖ్య గుర్తే వస్తుంది. ఘాతానికి వాడే **  2016 ప్రమాణంతో భాషలోకి వచ్చింది.

ఇక ప్లస్. తక్కిన అంకగణిత గుర్తులకు ఉన్నది ఒకే పని కాబట్టి, వాటికి స్ట్రింగ్ (కొటేషన్ గుర్తుల మధ్య రాసే అక్షరాల వరుస) అందితే దాన్ని సంఖ్యగా మార్చుకుని లెక్క చేస్తాయి. ప్లస్‌కు మాత్రం కూడటం, అతికించడం అని రెండు పనులున్నాయి. ఇరువైపులా ఉన్నవాటిలో ఏ ఒక్కటి స్ట్రింగ్ అయినా, అది రెండోదాన్ని కూడా స్ట్రింగుగా మార్చి అతికించేస్తుంది. పెట్టెలో మనం ఏం టైపు చేసినా, అది సంఖ్యల కోసమే పెట్టిన పెట్టె అయినా సరే, దాని విలువ ప్రోగ్రాముకు స్ట్రింగుగానే అందుతుంది. మీ 1020 పుట్టింది అక్కడే.

"10" + 20 → "1020"
"10" - 20 → -10
10 + 20 + "30" → "3030"
"10" + 20 + 30 → "102030"

చివరి రెండు వరుసలను నిదానంగా చూడండి. లెక్క ఎడమ నుంచి కుడికి సాగుతుంది కనుక, మూడో వరుసలో మొదట రెండు సంఖ్యలు కలిసి 30 అయ్యాకే స్ట్రింగ్ ఎదురైంది. నాలుగో వరుసలో మొదటి అడుగులోనే స్ట్రింగ్ తగిలింది కాబట్టి ఆ తర్వాత వచ్చినవన్నీ దానికి అతుక్కుంటూ పోయాయి. ఫలితాన్ని మాటలతో కలిపి చూపించేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

"మొత్తం: " + 10 + 20 → "మొత్తం: 1020"
"మొత్తం: " + (10 + 20) → "మొత్తం: 30"
"మొత్తం: " + 10 * 20 → "మొత్తం: 200"
"మొత్తం: " + 20 - 10 → సంఖ్య కానిది అని తెలిపే ‘నాన్’

గుణకారానికి ప్రాధాన్యం ఎక్కువ కనుక మూడో వరుస గట్టెక్కింది. నాలుగో దానిలో ముందు "మొత్తం: 20" తయారై, అందులోంచి 10 తీసివేయమనేసరికి లెక్క చెడింది. కుండలీకరణాలు అనవసరమనిపించిన చోట కూడా పెట్టడం నా అలవాటు. మీరూ అలాగే చేయమని కోరుతున్నాను.

పరిష్కారం చిన్నదే. స్ట్రింగుకు ముందు ఒంటరి ప్లస్ పెడితే అది సంఖ్యగా మారుతుంది: +"10" + +"20" విలువ 30. నేను ఎప్పుడూ వాడేది ఇదే, అదీ పెట్టెలోంచి విలువ తీసుకున్న వరుసలోనే. అయితే +"" విలువ 0 అని మరవకండి. ఖాళీగా వదిలేసిన పెట్టె కూడా సున్నాగా లెక్కలోకి వస్తుంది కనుక, ఖాళీయా కాదా అన్నది ముందే పరీక్షించాలి.

పోలికల్లోనూ స్ట్రింగులు ఇలాగే ఇబ్బంది పెడతాయి. "10" < "9" నిజమవుతుంది, ఎందుకంటే రెండూ స్ట్రింగులైతే అక్షరం వెంట అక్షరం పోలుస్తారు, 1 అనే అక్షరం 9 కన్నా ముందుంటుంది. సమానతకు === మాత్రమే వాడండి. == రకాలను మార్చి పోలుస్తుంది కనుక 0 == "" నిజం, 0 == "0" నిజం, కానీ "" == "0" అబద్ధం; ఇటువంటి పోలిక మీద ఏ షరతునూ నిలబెట్టలేము.

విలువ లేనప్పుడు బదులు విలువ ఇవ్వడానికి || కన్నా 2020 ప్రమాణంతో వచ్చిన ?? మేలు. మార్కులు అనే చరరాశిలో 0 ఉంటే, మార్కులు || 35 విలువ 35 అయిపోతుంది, మార్కులు ?? 35 మాత్రం ఆ సున్నాను అలాగే ఉంచుతుంది.

అభ్యాసం: కింది వాటి విలువలను, అవి సంఖ్యలో స్ట్రింగులో కూడా, ముందు కాగితం మీద రాయండి. ఆ తర్వాతే బ్రౌజర్ కన్సోలులో సరిచూసుకోండి.

"3" + 4 - "5"
"3" - 4 + "5"
"5" * "2" + "1"
+"3" + 4 + "5"
1 < 2 < 3
3 > 2 > 1

చివరి రెంటికీ కారణాన్ని వాక్యాల్లో రాయాలి. మొదటి పోలిక ఏ విలువనిస్తుందో, ఆ విలువ రెండో పోలికలోకి వెళ్ళేటప్పుడు ఏ సంఖ్యగా మారుతుందో వివరించనిదే జవాబు పూర్తయినట్టు కాదు.