సైనిక కొనుగోళ్లు త్వరగా తేలాలంటే

ఏళ్ల తరబడి టెండరు ఫైళ్లు చూసినవాణ్ణి. ఆలస్యమంతా సంతకాల దగ్గరే అంటారు. నా లెక్కలో అది అవసరాల పత్రంలోనే మొదలవుతుంది. డ్రోన్ కొనాలంటే మోటారు రకం, రెక్కల పొడవు రాయకండి. రాత్రిపూట, జామింగ్ (శత్రువు రేడియో సంకేతాలను అడ్డుకోవడం) ఉన్నచోట, ఎంత దూరంలోని వాహనాన్ని గుర్తించాలో రాయండి. ఎలా చెయ్యాలో తయారీదారు చూసుకుంటాడు. తప్పనిసరి షరతులు కొన్నే ఉండాలి. (ప్రతి విభాగమూ ఒకటి చేర్చాలని చూస్తుంది, గట్టిగా నిలబడండి.)

ముందు కొద్ది సంఖ్యలో కొని, వాడే దళం చేతికే ఇచ్చి పరీక్షించండి. అమెరికా 2016 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టం ఇలాంటి పరీక్షా నమూనాలను దళాల చేతికి అందించడానికి అయిదేళ్ల గడువు పెట్టింది.

సాఫ్ట్‌వేర్‌కు విడి ఒప్పందం పెట్టుకోండి; వేరే పరికరాలతో కలిపే అనుసంధాన ప్రమాణాలపై హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. విడిభాగాలకు ముందే రేటు ఒప్పందం (ధర ముందుగా ఖాయం చేసుకోవడం) కుదిరితే ప్రతిసారీ టెండరు అక్కర్లేదు.