గ్రహాల ఫొటో మసకగా వస్తుంటే ముందు చూడాల్సినవి

గురుగ్రహం ఫొటో మసకగా వచ్చిందని ఎవరైనా అంటే, టెలిస్కోప్‌ని ఎంత ముందుగా బయట పెట్టారని అడుగుతాను. కెమెరా సంగతి ఆ తర్వాతే. ఇంట్లోంచి తెచ్చిన అద్దం బయటి గాలికంటే వేడిగా ఉంటుంది. దాని మీంచి లేచే వేడి గాలి గొట్టంలోనే బొమ్మని కదిలించేస్తుంది. నాది 8 అంగుళాల న్యూటోనియన్, అంటే అద్దంతో పనిచేసే టెలిస్కోప్. కనీసం గంట ముందు బయట పెట్టి, అద్దం వెనక చిన్న ఫ్యాన్ నడుపుతాను. పగలంతా ఎండకి కాగిన కాంక్రీటు మీదకంటే గడ్డి నేల మీద పెడితే మేలు.

తర్వాత కొలిమేషన్, అంటే అద్దాల్ని సరిగ్గా ఒక వరసలోకి తేవడం. దీన్ని మాత్రం ఏ రాత్రీ వదలకండి. బాగా పైనున్న ఒక నక్షత్రాన్ని ఎక్కువ మ్యాగ్నిఫికేషన్‌లో సరిగ్గా మధ్యకి తెచ్చి, ఫోకస్ కొంచెం తప్పించండి. అప్పుడు నక్షత్రం చుట్టూ కనిపించే వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి. ఒక పక్కకి ఒరిగితే అద్దం స్క్రూని కొద్దిగా తిప్పి, నక్షత్రాన్ని మళ్ళీ మధ్యకి తెచ్చి చూడండి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ గురుడి పట్టీల్లో సన్నటి వివరాలు తేలేది దీనివల్లే.

గ్రహం ఆకాశంలో బాగా పైకి వచ్చేదాకా ఆగండి. కిందుగా ఉన్నప్పుడు వాతావరణం రంగుల్ని విడదీస్తుంది, ఒక అంచు ఎర్రగా, ఇంకో అంచు నీలంగా కనిపిస్తుంది.

బార్లో (బొమ్మని పెద్దది చేసే లెన్స్) ఎంత వాడాలో తేల్చడానికి ఒక సులువైన లెక్క ఉంది. కెమెరా పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 5తో గుణించండి, వచ్చేదే కావాల్సిన ఎఫ్ సంఖ్య (ఫోకల్ దూరాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేది). నా కెమెరాకి 2.9 మైక్రాన్లు, అంటే ఎఫ్/15 దగ్గర. ఎఫ్/6 టెలిస్కోప్‌కి 2.5 రెట్ల బార్లో సరిపోతుంది. అంతకంటే పెంచితే బొమ్మ పెద్దదవుతుంది, వివరం పెరగదు.

ఒక్క ఫొటో కాకుండా వీడియో తీయండి. వేల ఫ్రేముల్లో గాలి క్షణకాలం కుదురుకున్నవి కొన్ని దొరుకుతాయి. గురుడికి ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టండి. గురుడు 10 గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు కాబట్టి ఒక్కో వీడియో రెండు మూడు నిమిషాలు దాటకూడదు. మామూలు డీఎస్ఎల్ఆర్ అయితే లైవ్ వ్యూలో 5 రెట్లు జూమ్ చేసి, ఆ తెరనే కంప్యూటర్‌లో రికార్డ్ చేయండి.

ఫోకస్‌కి గురుడి చందమామలే మంచి గుర్తు, అవి వీలైనంత చిన్న చుక్కలు కావాలి. శని అయితే వలయాల మధ్య కసీనీ ఖాళీని చూడండి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ జారుతుంది కాబట్టి వీడియోకీ వీడియోకీ మధ్య మళ్ళీ సరిచూడండి.

ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెరుగైన 20 శాతం ఫ్రేములు తీసుకుని స్టాక్ చేస్తే (ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపితే), వేవ్‌లెట్ షార్పెనింగ్ (సన్నటి వివరాలకి పదును పెట్టడం) తట్టుకునే బొమ్మ వస్తుంది. కుజుడి అంచు లోపల సన్నటి తెల్ల గీత కనబడితే అది అక్కడ నిజంగా ఉన్నది కాదు, షార్పెనింగ్ ఎక్కువైంది. స్లయిడర్ వెనక్కి లాగండి.