ర్యాప్ వినడం నేర్చుకుందాం – 6వ పాఠం: లూప్‌ను పట్టుకోవడం

పోయిన పాఠంలో బార్ లెక్క చూశాం. నాలుగు దెబ్బలు ఒక బార్. వేళ్ల మీద ఆది తాళం ఎనిమిది లెక్కపెట్టే అలవాటు ఉన్నవాళ్లకు రెండు బార్లు ఒక ఆవర్తంలా సరిపోతాయని చెప్పుకున్నాం. ఈసారి ఆ లెక్కతో లూప్‌ను పట్టుకుందాం. పాత రికార్డులోంచి చిన్న ముక్క తీసుకుని, మళ్లీ మళ్లీ తిప్పి, దాని మీద ర్యాప్ చేస్తారు. ఆ తిరిగే ముక్కే లూప్.

దీనికి నేను ఎంచుకున్నది అమెరికా ర్యాప్ బృందం డిగబుల్ ప్లానెట్స్. 1993లో ఒక ఆల్బమ్, 1994లో ఇంకొకటి, 1995కల్లా విడిపోయారు. పని తక్కువ కాబట్టి మొత్తం ఒక్క రోజులో వినేయవచ్చు. మొదటిదానికీ రెండోదానికీ తేడా కొత్త చెవికి కూడా తెలుస్తుంది.

బృందంలో ముగ్గురు. సియాటిల్ కుర్రాడు ఇష్మాయిల్ బట్లర్ పేరు బటర్‌ఫ్లై. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన క్రెయిగ్ అర్వింగ్ డూడుల్‌బగ్. బ్రెజిల్ మూలాలున్న మరియానా వియెరా లేడీబగ్ మెకా. అన్నీ పురుగుల పేర్లే. పురుగులు ఒకదానికొకటి సాయపడుతూ గుంపుగా బతుకుతాయి, మనుషులూ అలా బతకాలన్నది బట్లర్ ఆలోచన. ఆ పేర్ల వెనకున్న ఈ భావం నాకు చాలా ఇష్టం.

ఇక సాధన. వాళ్ల మొదటి హిట్ 'రీబర్త్ ఆఫ్ స్లిక్' పెట్టండి. మాటలు అర్థం కావడం లేదని టెన్షన్ పడకండి. మొదట్లో నేను మాటల వెంట పరిగెత్తి, కింద నడుస్తున్న సంగీతాన్ని వినకుండానే వారాలు గడిపాను. మొదటిసారి బేస్ ఒక్కటే వినండి. లావు తీగల మీద వేళ్లతో మీటే ఆ బరువైన శబ్దం పాట మొదట్లోనే దొరుకుతుంది. అది మొదలైన చోట ఒకటి అని లెక్క పెట్టి, అదే స్వరం మళ్లీ మొదటికి వచ్చేదాకా బార్లు లెక్కించండి. ఎన్ని వచ్చాయో రాసుకోండి. సాధారణంగా రెండో నాలుగో వస్తాయి. మీకు మూడు వస్తే ఎక్కడో లెక్క తప్పింది, మళ్లీ మొదలుపెట్టండి.

రెండోసారి డ్రమ్ వినండి. మనకు మొదటి దెబ్బ మీద చెయ్యి వేయడం అలవాటు. ఇక్కడ స్నేర్, అంటే టప్‌మని పదునుగా మోగే డ్రమ్, రెండు, నాలుగు మీద పడుతుంది. అక్కడే చప్పట్లు కొట్టండి. ఇబ్బందిగా ఉంటుంది, పది నిమిషాలు ఓపిక పట్టండి. ఒంట్లోకి ఎక్కాక ర్యాప్ మాటలు ఎందుకు అలా ఆగి, అలా ఉరుకుతాయో దానంతటదే తెలుస్తుంది.

మూడోసారి హార్న్స్, అంటే ట్రంపెట్, శాక్సఫోన్ లాంటి ఊదే వాద్యాలు. ఆ ముక్క, బేస్ కూడా, జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం వాయించిన 'స్ట్రెచింగ్'లోంచి తీసుకున్నవి. ఆ రికార్డు వెతికి వినండి. నిమిషాల పొడవున్న జాజ్‌లోంచి ఈ కొన్ని క్షణాలే ఎందుకు తీసుకున్నాడా అని ఆలోచించండి. లూప్ కట్టేవాడి ప్రతిభ అంతా ఆ ఎంపికలో ఉంది.

ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 15వ స్థానం దాకా వెళ్లింది, 1994లో అమెరికా సంగీత అవార్డు గ్రామీ తెచ్చింది. అవార్డు అందుకుంటూ బట్లర్, ఖరీదైన సీట్లలో కూర్చున్నవాళ్లకు తలుపు బయటే ఇల్లు లేని మనుషులున్నారని గుర్తు చేశాడు. రెండో ఆల్బమ్ వినేటప్పుడు ఆ మాట మనసులో ఉంచుకోండి.

దాని పేరు 'బ్లోఅవుట్ కోంబ్'. ఆఫ్రో జుట్టు దువ్వే దువ్వెన అది. అప్పటికి వాళ్లు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉంటున్నారు. పాటల నిండా ఆ వీధులు, నల్లజాతి రాజకీయాలు ఉంటాయి. లూప్‌లతో పాటు నిజమైన వాద్యకారులు కూడా వాయించారు. అందుకే బార్లు లెక్కపెడుతుంటే ఒక చోట గిటారో శాక్సఫోనో తిరిగి రాకుండా ముందుకు సాగిపోతుంది. లూప్ మాత్రం అలా సాగదు, మొదటికి వస్తుంది. ఈ తేడా వినిపించిందంటే ఈ పాఠం మీకు వచ్చినట్టే. మొదటిదంత అమ్ముడుపోలేదు గానీ, నా దృష్టిలో వాళ్ల గొప్ప పని ఇదే. తర్వాత అభిప్రాయ భేదాలతో విడిపోయారు. 2005లో మళ్లీ కలిసి వేదిక ఎక్కారు. బట్లర్ షబాజ్ ప్యాలెసెస్ అనే ర్యాప్ బృందంతో కొత్త దారి పట్టాడు.

ఈ వారం అభ్యాసం: రెండో ఆల్బమ్‌లో 'బరో చెక్' వినండి. తర్వాత జాజ్ సంగీతకారుడు రాయ్ ఏయర్స్ పాట 'వీ లివ్ ఇన్ బ్రూక్లిన్, బేబీ' వినండి. ఏ ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎన్ని బార్లకోసారి తిరుగుతుందో నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే పాఠంలో ఆ లెక్క మీదే మాటలు పేర్చి, అంత్యప్రాస ఏ దెబ్బ మీద పడుతుందో చూద్దాం.