గోంగూర మడికి ముందు టేపు పట్టండి

నేను విజయనగరం జిల్లాలో గ్రామ సర్వేయర్ని. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు ఉద్యోగంలో చేరాను. అప్పట్నుంచీ పగలంతా ఎవరో ఒకరి గట్టు మీదే. ఆ మొదటి ఏడు మా పెరట్లో కూరగాయలు వేద్దామని ఒక ఆదివారం గునపం తీశాను. టేపు తియ్యలేదు. ఇంటి గోడకు ఆనించి కంటి అంచనాతో పొడుగ్గా మూడు మడులు చేసి, మిరప నారు నాటాను. వినాయక చవితి వెళ్ళాక ఒక్క రాత్రి కురిసిన వానకి నీళ్ళన్నీ మడుల వెంబడే పరిగెత్తి వెనక గోడ దగ్గర మడుగు కట్టాయి. మూడో రోజుకి సగం మొక్కలు తలలు వాల్చేశాయి. మా అత్తయ్య వాటిని పీకుతూ, "ఊరందరి చేలూ కొలుస్తావు గదమ్మా, మన పెరడు ఒక్కనాడైనా కొలిచేవా?" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది. ఆ వారమే కొలిచాను. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. దీనికి రోవరూ (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం), టోటల్ స్టేషనూ (దూరాలూ కోణాలూ కొలిచే పరికరం) అక్కర్లేదు. వంద అడుగుల టేపు, పురికొస, పది గూటాలు, గుప్పెడు ముగ్గు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు.

ముందు నాలుగు పక్కలూ కొలవండి. అక్కడితో ఆగకుండా మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ తియ్యండి. మా పెరడు 30 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు, అంటే 660 చదరపు అడుగులు. సెంటుకి 435.6 చదరపు అడుగులు కాబట్టి ఒకటిన్నర సెంటు. (తెలంగాణలో ఉన్నవాళ్ళు గుంటల్లో చూసుకోండి, గుంటకి 121 గజాలు, అంటే రెండున్నర సెంట్లు.) పక్కలు సరిగ్గానే ఉన్నాయి గానీ ఒక కర్ణం 37 అడుగుల 8 అంగుళాలు, రెండోది 36 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. కర్ణాలు సమానంగా లేవంటే మూలలు మూలమట్టంగా, అంటే 90 డిగ్రీల్లో, లేవన్నమాట. గోడ పట్టుకుని మడులు వేస్తే చివరికి వచ్చేసరికి అన్నీ వంకరపోతాయి. అందుకే వంటింటి వైపు ఒక తాడు లాగి దాన్నే బేస్ లైన్ అనుకోండి. ఆ తాడు మీద 6 అడుగులు, దానికి అడ్డంగా 8 అడుగులు, ఆ రెండు కొసల మధ్య 10 అడుగులు వచ్చేలా గూటాలు సర్దితే మూలమట్టం కుదిరినట్టే. మిగతా కొలతలన్నీ ఆ గీత నుంచే తియ్యండి. పాత ఎఫ్ఎంబీల్లో (పొలాల కొలతల పటాల పుస్తకాల్లో) కూడా పని ఇదే. ముందు ఒక గీత, దాని మీద నుంచి ప్రతి మలుపుకీ ఆఫ్‌సెట్, అంటే గీతకి అడ్డంగా కొలిచిన దూరం.

తర్వాత వాలు. చాలామంది వదిలేసేది ఇదే, నాకు మిరప నారు పోయిందీ దీనివల్లే. లెవెల్ పైపులో నీళ్ళు నింపి, బుడగలు ఒక్కటి కూడా లేకుండా తట్టి బయటికి పంపండి. చిన్న బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. వంటింటి దగ్గర ఒక కర్ర, వెనక గోడ దగ్గర ఒక కర్ర పాతి, పైపు రెండు కొసలూ వాటికి ఆనించి పట్టండి. నీళ్ళు ఊగడం ఆగాక రెండు కర్రల మీదా నీటిమట్టం దగ్గర గీత గీసి, అక్కణ్ణుంచి నేల దాకా కొలవండి. మాకు వంటింటి వైపు 24 అంగుళాలు, గోడ వైపు 31 వచ్చింది. అంటే 30 అడుగుల్లో 7 అంగుళాల పల్లం. నిలబడి చూస్తే నేల చదునుగానే ఉన్నట్టుంటుంది. ఏడంగుళాలు కంటికి ఆనవు గానీ నీటికి తెలుసు. మడులు వాలుకి అడ్డంగా వెయ్యాలి. నేను చేసింది దానికి సరిగ్గా తిరగబడ్డ పని.

ఇక ఎండ. మా రోవరుకి ఆకాశం కనబడాలి. చెట్టు కింద రోవరు కర్ర నిలబెట్టి, దాని మట్టం బుడగ మధ్యలోకి తెచ్చినా, ఉపగ్రహాలు అందక ఫిక్స్ (కచ్చితమైన స్థానం) రాదు. టమాటాదీ అదే గుణం. పై కొమ్మలు కమ్మేసిన చోట ఆకు పెరుగుతుంది, కాయ రాదు. ఒక సెలవు రోజు పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి నీడ అంచుల్లో ముగ్గు పొయ్యండి. మూడుసార్లూ ఎండ పడిన చోటు కాయగూరలకి, మిగతాది ఆకుకూరలకి.

ఒక్కరోజు చూసి నిర్ణయించకండి, సూర్యుడు ఏడాది పొడుగునా ఒక దారిన పోడు. మాది పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం. దక్షిణం వైపున్న మా వెనక గోడ ఎత్తు ఐదున్నర అడుగులు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం దాని నీడ పెరట్లో అసలు పడదు. సంక్రాంతికి అదే వేళ నాలుగున్నర అడుగులు లోపలికి వస్తుంది. వానాకాలంలో బెండ విరగకాసిన గోడవారన చలికాలంలో టమాటా ఎందుకు రాదో నాకు ఈ లెక్క వేశాకే తెలిసింది. ఇప్పుడక్కడ చలికాలమంతా పుదీనా.

మడి వెడల్పు మూడున్నర అడుగులు మించనివ్వకండి. రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకి అందాలి, మడిలో అడుగు పెట్టకూడదు. మధ్య బాట అడుగున్నర. మాకు ఐదు మడులూ నాలుగు బాటలూ కలిపి 23 అడుగుల 6 అంగుళాలయింది. వెనక రెండు అడుగులు వదిలాక, వంటింటి దగ్గర గిన్నెలు తోముకునే జాగా మిగిలింది. పక్క గోడల నుంచి కూడా రెండేసి అడుగులు వదిలాను కాబట్టి మడి పొడవు 18 అడుగులు.

ఆ రెండు అడుగుల గురించి గట్టిగా చెబుతాను. హద్దు మీద మునగా, కొబ్బరీ పెట్టకండి. ఒక ఊళ్ళో రెండు కుటుంబాలు తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. హద్దురాయి మాయమైందని ఒకరిమీద ఒకరికి అనుమానం. నేను కొలిచి చూపిన చోట తవ్వితే, అడుగున్నర లోతులో మునగ వేరు చుట్టేసుకుని రాయి అక్కడే ఉంది. పెద్దాయన దాని మీద మట్టి చేత్తో తుడిచి, "రాయి ఏటయిపోద్దమ్మా, ఎక్కడికీ ఎల్లదు. మనుసులే ఎల్లిపోనారు" అన్నాడు. ఆ రోజు నేను ఇంటికొచ్చి గోడ పక్కన మా ఆయన నాటిన మునగ కొమ్మని తీసి పెరటి లోపలికి మార్చాను.

ఇప్పుడు పంట. నా ఉద్యోగం క్యాలెండరు చూసి పంట ఎంచుకుంటాను, మీరూ మీ పనిని బట్టే ఎంచుకోండి. వరి కోతలయ్యి చేలు ఖాళీ అయ్యాక, సంక్రాంతి నుంచి జూన్ దాకా మాకు కొలతల కాలం. ఎండెక్కితే పరికరంలోంచి చూసే దూరపు గురి అలల్లా కదులుతుంది, అందుకని తెల్లవారకుండా బయల్దేరతాం. ఆ నెలల్లో పెరటికి నా చెయ్యి దొరకదు, కాబట్టి ఒకటీ రెండు మడులే ఉంచుతాను. వానలు పడ్డాక చేలలో పైరు నిలబడి గురి అందదు. మా వైపు గోగు (గోంగూర మొక్కే, నార కోసం వేస్తారు) చేలయితే మనిషిని మించి పెరుగుతాయి. అప్పుడే నా పెరటికి అసలు పండగ.

ఆ పండగలో మొదటిది గోంగూర. తొలకరి పడగానే రెండో మడిలో విత్తనం రాత్రంతా నానబెట్టి, అడుగు దూరం సాళ్ళలో అరంగుళం లోతున వెయ్యండి. అంతకు ముందు మడికి నాలుగు గంపలు చివికిన పశువుల ఎరువు కలపండి. ముప్పై, ముప్పై ఐదు రోజులకి మొక్క మోకాలెత్తు వస్తుంది. వేళ్ళతో పీకకుండా నేల నుంచి జానెడు వదిలి కత్తితో కొయ్యండి. పక్కల నుంచి రెమ్మలు వేస్తుంది, మళ్ళీ కోతకొస్తుంది. ఆలస్యం మాత్రం చెయ్యకండి. పగలు తగ్గేకొద్దీ గోగుకి పూత తొందర. ఆఖర్లో వేసిన విత్తనం చిన్నగా ఉండగానే పూసేసి ఆకు ఇవ్వదు.

గోగు ఆకు చూసి కంగారుపడేవాళ్ళున్నారు. పట్నం నుంచి కొత్తగా వచ్చిన మా తమ్ముడులాంటి కుర్రాడొకడు గోగు చేను గట్టున ఆగి, "అక్కా, ఇది గంజాయి కాదు కదా?" అన్నాడు నెమ్మదిగా. అతని తప్పు లేదు, నార గోగు శాస్త్రీయ నామంలోనే ఆ పోలిక ఉంది. హైబిస్కస్ కన్నాబినస్ అంటే గంజాయిని పోలిన మందార జాతి మొక్క. తేడా దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. గోగుది ఒకే ఆకు, వేళ్ళలా చీలి ఉంటుంది. గంజాయివి కాడ చివర విడివిడిగా పుట్టిన ఆకులు. గోగు ఆకు నోట్లో వేసుకుంటే పులుపు, పువ్వు లేత పసుపు, మధ్యలో ముదురు ఎరుపు మచ్చ. గంజాయి పెంచడం గురించి అడిగేవాళ్ళకి ఒక్కటే చెబుతాను, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పెరట్లో పెంచినా నేరమే, శిక్ష పదేళ్ళ దాకా ఉంది. ఆ మడిలో గోంగూర వేసుకోండి.

నేను ఊళ్ళో లేని రోజులకి కుండలు. రంగు వెయ్యని, నున్నటి పూత లేని ఐదు లీటర్ల మట్టికుండలు, మడికి మూడు. మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూకుడు బోర్లించండి, లేకపోతే దోమలు పెడతాయి. అడుగున చిల్లు పెట్టొద్దు, కుండ గోడల్లోంచే నీరు ఊరుతుంది. మొక్కలు కుండకి జానెడు దూరంలో ఉండాలి. పైన వరిగడ్డి పరిస్తే మాకు మార్చి ఎండల్లో కూడా మూడు రోజులు ఆగింది. ఏడాదికోసారి కుండ తీసి కొబ్బరిపీచుతో తోమండి, ఉప్పు పట్టేస్తే ఊట ఆగిపోతుంది.

పిండినల్లి కనబడితే ఆ రెమ్మ కోసి దూరంగా పడెయ్యండి. మిగతా మొక్కలకి లీటరు నీళ్ళకి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి, వడకట్టి, సాయంత్రం పూట కొట్టండి.

చివరగా ఒక కాగితం మీద పెరడు పటం గీసి, మడులకి నంబర్లు వేసి, ఏ మడిలో ఏది ఏ తేదీన వేశారో రాసి పెట్టుకోండి. మా పటం వంటింటి తలుపు వెనక అంటించి ఉంది. దాని మీద రాతంతా ఇప్పుడు అత్తయ్యదే. మొన్న చూస్తే రెండో మడి దగ్గర కొత్తగా రాసింది: "గోంగూర మూడో కోత. పక్కింటి సత్తెమ్మక్కకి ఒక కట్ట."