సర్కారు తుమ్మను అడవిలోంచి మొదలంటా తీయడం ఎలా

గొడ్డలితో కొడితే సర్కారు తుమ్మ చావదు. నేలమట్టానికి నరికిన మోడు చుట్టూ ఒక్క వానకే పిలకలు గుంపుగా లేస్తాయి. ఏడాది తిరిగేసరికి ఒక మాను ఉన్నచోట మనిషి దూరలేని పొద తయారవుతుంది. బొగ్గు బట్టీలకు ఈ తుమ్మకంప కొట్టించిన చోటల్లా జరుగుతున్నది ఇదే. మెక్సికో, కరీబియన్ దీవుల వైపు పుట్టిన ఈ చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురంలో వంటచెరుకు కోసం నాటారు. ఇవాళ అది పెన్నా, గుండ్లకమ్మ ఒడ్లూ చెరువు లోపళ్లూ నింపేసి, వెలికొండల అంచు అడవుల్లోకి, తీరం ఇసుక నేలల్లోని పాల, అల్లి, నేరేడు చెట్ల మధ్యకి దూరుతోంది. చెరువు కంపతో నిండినా తరవాత తీసుకోవచ్చు. పాలచెట్ల అడవి ఒకసారి పోతే మన పిల్లల కాలానికి కూడా తిరిగి రాదు. అందుకే పని అక్కడ మొదలు కావాలి.

రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా కొమ్మ కూడా ముట్టుకోకండి. వన సంరక్షణ సమితి ఉంటే దాని తీర్మానం జతచేసి రేంజి అధికారికి అర్జీ పెట్టండి. ఊరి పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం ముందు చేయించుకోండి.

తరవాత, కొట్టేవాళ్లకి చెట్టు గుర్తుపట్టడం నేర్పండి. కూలీలు తొందరలో ముళ్లున్నదల్లా నరికేస్తారు, జమ్మి కూడా పోతుంది. సర్కారు తుమ్మకి ముళ్లు కణుపు దగ్గర జంటగా ఉంటాయి. కొమ్మ వంకరటింకరగా సాగుతుంది. పూత లేతపసుపు కంకి. కాయ బల్లపరుపుగా, పండితే పసుపురంగులో తియ్యగా ఉంటుంది. జమ్మికి ముళ్లు కణుపుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, కాయ సన్నగా గుండ్రంగా ఉంటుంది. నల్లతుమ్మ పూత పసుపు బంతి, కాయ పూసలదండలా నొక్కులు పడి ఉంటుంది. తెల్లతుమ్మని దాని తెల్లటి బెరడే పట్టిస్తుంది. అనుమానం వచ్చిన చెట్టుకి గుడ్డ కట్టి వదిలేయండి, పూత వచ్చాక చూడొచ్చు.

పెన్నా, గుండ్లకమ్మ వైపు మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి మొక్కలు పీకే పని నవంబరు నుంచి జనవరి దాకా, నేల మెత్తగా ఉన్నప్పుడు చేయాలి. పెద్ద చెట్లు తవ్వడం జనవరి, మార్చి మధ్య ముగించండి, ఎండాకాలపు కాయ పండి రాలకముందే. చెట్టు మీద కొంగల గూళ్లు కనబడితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. దట్టంగా ఉన్నచోట మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అది తప్పు. మంచి అడవిలో అక్కడక్కడా ఉన్న పది చెట్లు ముందు తీసి, అక్కడినుంచి దట్టమైన కంప వైపు జరగండి. అదే కూలి డబ్బుతో ఎన్నో రెట్లు ఎక్కువ అడవి నిలుస్తుంది.

మోకాలెత్తు మొక్క తడినేలలో చేత్తో వస్తుంది, తోలు గ్లౌజులు వేసుకుని మొదట్లో పట్టి నిట్టనిలువుగా లాగాలి. బొటనవేలి లావు దాటితే లాగితే తెగుతుంది తప్ప రాదు, గడ్డపారతో పక్కన పొడిచి లేపాలి. చెట్టయితే కంపకత్తితో కొమ్మలన్నీ దించి, మానుని మాత్రం 3 అడుగుల ఎత్తున వదలండి. చుట్టూ అడుగు, అడుగున్నర లోతు తవ్వండి. మట్టి తీశాక కాండం వేరుగా మారేచోట ఉబ్బెత్తుగా, ముడతలు ముడతలుగా ఒక బుడిపె కనబడుతుంది. పిలకలకు మూలమైన మొగ్గలన్నీ అందులోనే నిద్రపోతుంటాయి. దానికి జానెడు కింద వేళ్లన్నీ గొడ్డలితో తెంచి, వదిలిన 3 అడుగుల మానుకి తాడు కట్టి ఇద్దరు లాగితే బుడిపెతో సహా పైకి వస్తుంది. కింద మిగిలిన లోతు వేరు చిగురించదు. బుడిపెలో అరచేతంత ముక్క మట్టిలో ఉండిపోయినా వానకి మళ్లీ లేస్తుంది, అందుకని గుంత పూడ్చేముందు చేత్తో తడిమి చూడండి.

జేసీబీ చెరువు లోపల, కంప తప్ప ఇంకేమీ లేనిచోట మాత్రమే. అడవిలోకి దించితే అల్లి, బలుసు మొక్కలు చక్రాల కింద నలిగిపోతాయి, కదిలిన మట్టిలో వయ్యారిభామ లేస్తుంది. మోడు మీద కిరసనాయిలు, కాలిన ఇంజనాయిలు పోయడం నేలకి విషం పెట్టడమే. గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆకు మీద కొట్టిన మందు పక్కనున్న లేతమొక్కల్ని కూడా చంపుతుంది.

విత్తనం సంగతి చెట్టు సంగతికన్నా పెద్దది. కాయ తీపి కాబట్టి గొర్రెలు, మేకలు, పశువులు ఎగబడి తింటాయి. గింజ మీది పెంకు గట్టిది. పశువు పేడలో చాలా గింజలు చెక్కుచెదరకుండా బయటపడతాయి, పైగా కడుపులో పెంకు మెత్తబడి ఇంకా త్వరగా మొలుస్తాయి. ఎండిన పేడకడి ఒకటి విరిచి చూడండి, గింజలు కంటికే కనబడతాయి. కాయలు రాలే కాలంలో చెరువులో మేసిన మందని నేరుగా అడవిలోకి తోలకండి. వారం రోజులు దొడ్లో వేరే మేత వేసి, ఆ తరవాతే తోలండి. ఆ వారం పేడని కుప్పపోసి బాగా వేడెక్కి కుళ్లాకే పొలానికి వేయాలి. కాయలు ఏరి గింజతో సహా పిండి పట్టిస్తే గింజ చస్తుంది, ఆ పిండి దాణాలో కొద్దిగా కలపొచ్చు. ఒట్టి కాయలే నెలల తరబడి పెడితే పశువుకి దవడ పట్టు తప్పి చిక్కిపోతుంది.

కొట్టిన కంపని అడవిలో కాల్చవద్దు. లావు కట్టె పొయ్యికో బట్టీకో పోనివ్వండి. కాయలేని కొమ్మల్ని కొత్త మొక్కల చుట్టూ దడిగా వేస్తే మేకలు రావు. ముల్లు టైరు చెప్పుల్లోంచి కూడా దిగుతుంది, గట్టి బూట్లు ఉండాలి. గుచ్చుకున్న ముల్లు లోపల విరిగితే చీము పడుతుంది, అదే రోజు తీయించుకుని టీటీ ఇంజెక్షను వేయించుకోండి.

ఎంత మేర తీయాలో కూలీల్ని బట్టి కాదు, తరవాత ఎన్నిసార్లు తిరిగి చూడగలరో దాన్ని బట్టి నిర్ణయించుకోండి. గింజలు మట్టిలో ఏళ్లతరబడి బతికే ఉంటాయి. తీసిన 3 నెలలకి ఒకసారి, ఆపైన కనీసం 5 ఏళ్లు ప్రతి వానాకాలం తరవాత ఆ నేలంతా నడిచి మొలకలు పీకాలి. ఆ ఓపిక ఎకరానికే ఉంటే ఎకరమే తీయండి. వాలు నేలల్లో ఒక్కసారిగా ఖాళీ చేస్తే మట్టి కొట్టుకుపోతుంది, పట్టీలు పట్టీలుగా తీయాలి.

ఖాళీ అయిన చోట ముందు వంగి చూడండి, కంప నీడలో పిట్టలు వేసిన వేప, నేరేడు మొక్కలు ఉంటే వాటిని కాపాడితే చాలు. లేకపోతే జూన్, జూలైల్లో రాలిన వేపగింజలు రెండు వారాలు దాటకుండా వేయండి, ఆలస్యమైతే మొలవవు. నారుమొక్కలు అక్టోబరు మొదటి మంచి వాన పడ్డాక, అడుగున్నర గుంతల్లో నాటాలి: తీరం వైపు పాల, అల్లి, నేరేడు, కొండ వైపు తుమికి, చండ్ర, మారేడు. ఇసుకలో తాటి టెంకలు పూడ్చినా చాలు. పాల మొదటి రెండేళ్లూ కదిలినట్టే కనబడదు. చచ్చిందనుకుని పీకేయకుండా, గోటితో కాండం కొద్దిగా గీకి పచ్చగా ఉందేమో చూడండి.